లెటర్‌కెన్నీలో ఒక గోడ కన్నం

ఐర్లండ్ నుంచి వచ్చి మూడు వారాలైంది. ఎలా ఉందని అడిగినవాళ్లందరికీ పచ్చగా ఉంది, చలిగా ఉంది, టీ బాగుంది అని చెప్పి తప్పించుకుంటున్నాను. అసలు సంగతి ఎత్తితే కోపం వస్తుంది. పోయేటప్పుడు నా దగ్గరున్న కోపం వేరు, వచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్న కోపం వేరు. రెండూ రాసేస్తే గానీ కడుపుమంట చల్లారేలా లేదు.

ముందు నా పని గురించి చెప్పాలి. పరాయి భాషల సినిమాలకి తెలుగు డబ్బింగ్ మాటలు రాస్తాను. తెర మీద వాళ్ల పెదాలు ఎక్కడ కలుస్తాయో అక్కడ మన మాటలోనూ పెదాలు కలిసే అక్షరం పడాలి. లేకపోతే మూతి ఒకటి అంటుంటే మాట ఇంకొకటి వినిపిస్తుంది. రెండేళ్ల కిందట ఒక జపాన్ దయ్యాల సినిమాకి రాశాను. ఒక కుటుంబం పాత చెక్క ఇంట్లో అద్దెకు దిగుతుంది. అందులో పడకగది గోడకి చిన్న కన్నం ఉంటుంది. మంచం పట్టిన ముసలావిడ ఆ కన్నం వైపు వేలు చాపి ఒక మాట అంటుంది. తెలుగులో దాన్ని నేను ఇలా రాశాను: "మూసెయ్. మూసెయ్. అది వచ్చేది అందులోంచే." ఆ ముక్క ఫోన్లలో ఊరంతా తిరిగింది. పెళ్లిళ్లలో పిల్లలు నా దగ్గరికొచ్చి వేలు చాపి ఆ మాట అనేవాళ్లు. నేను మురిసిపోయేదాన్ని.

ఈ ఏడాది మొదట్లో మా అక్క కూతురు సుమ ఐర్లండ్‌లోని లెటర్‌కెన్నీ నుంచి ఫోన్ చేసింది. "పిన్నీ, నీ సినిమా మా కొంప ముంచింది" అంది. పిన్నిగారు రాసిన సినిమా కదా అని వాళ్లాయన కిరణ్ ఇంట్లో పెట్టాడట. ఆరేళ్ల ఆద్య సోఫా వెనక నిలబడి చూసేసిందట. అప్పట్నుంచి ఇంట్లో ఏదో ఉందంటోంది, అలమరలో ఏదో అరుస్తోందంటోంది. తలనొప్పి, వాంతులు. తిండి సరిగ్గా తినడం లేదు.

"రోజురోజుకీ పిల్ల వాడిపోతోంది పిన్నీ. హౌస్ మారదామంటే ఇక్కడ రెంట్‌కి దొరకడం ఎంత టఫ్ అనుకున్నావు. నువ్వే రాశావు కాబట్టి నువ్వే వచ్చి అదంతా ఉత్తదేనని చెప్పు. నీ మాటైతే నమ్ముతుంది."

నాకు ఒళ్లు మండింది. పసిపిల్ల ఉన్న ఇంట్లో దయ్యం సినిమా పెట్టినవాళ్లు వాళ్లు, నింద మోసేది నేను. వీసా చేతికొచ్చేసరికి ఏప్రిల్ అయింది. పిల్లని మామూలు మనిషిని చేసి, నా సినిమా మీద పడ్డ మచ్చ తుడిచి రావాలని బయల్దేరాను.

స్వోర్డ్స్: రెండు యూరోల కరివేపాకు

విమానం దిగగానే కిరణ్ కారెక్కించుకున్నాడు. నెమ్మదస్తుడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. దారిలోనే స్వోర్డ్స్‌లో మన సరుకుల కొట్టు ఉందని ఆపాడు. పది రెబ్బల కరివేపాకు పొట్లం రెండు యూరోలు. మా పెరట్లో ఊరకే రాలిపోయే ఆకు. ఇది దోపిడీ కాదా అని కౌంటర్లో ఉన్న అమ్మాయిని అడిగాను. కరీంనగర్ పిల్ల, ఇక్కడ ఎమ్మెస్ చదువుతూ సాయంత్రాలు ఈ కొట్లో పనిచేస్తోంది. పేరు మౌనిక.

"ఆంటీ, గది గూడ మీ లెక్కనే ఫ్లైట్ ఎక్కి వచ్చింది" అంది, నవ్వకుండా.

నాకే నవ్వొచ్చింది. ఆ సినిమాకి మాటలు రాసింది ఈవిడేనని కిరణ్ చెప్పాడు. ఆ పిల్ల చప్పున వేలు చాపి "మూసెయ్, మూసెయ్" అంది, అచ్చం ముసలావిడ గొంతుతో. "మా రూమ్‌ల గూడ ఉంటది ఆంటీ గోడకి గసుంటి హోల్. గజ్జున గాలి కొడతది. మీ డైలాగ్ కొట్టుకుంట దాంట్ల బట్ట కుక్కినం."

ఏడు సముద్రాల అవతల నా మాట నలుగురి నోళ్లలో నానుతోందని ఛాతీ ఉప్పొంగింది. కరివేపాకు రెండు పొట్లాలు కొన్నాను.

స్లైగో: చుట్టుదారి

లెటర్‌కెన్నీకి తిన్నగా పోయే రోడ్డు ఉత్తర ఐర్లండ్ మీదుగా పోతుందట. అది వేరే దేశం, నా వీసా అక్కడ చెల్లదట. సరిహద్దులో గేటుందా అంటే లేదు. పోలీసులున్నారా అంటే వాళ్లూ లేరు. రోడ్డు పక్క బోర్డుల మీద కిలోమీటర్లు మైళ్లవుతాయి, అంతే. మరి పోదాం పద అన్నాను. "లేదు అత్తయ్యగారూ, రూల్ ఈజ్ రూల్" అని పడమటివైపు తిప్పి స్లైగో మీదుగా తీసుకెళ్లాడు. గంటన్నర అదనం. నడుం విరిగింది. ఎవరూ చూడని గీతని కూడా దాటని ఈ రూల్ మనిషి తన ఇంట్లో ఏం చేశాడో అప్పటికి నాకు తెలీదు.

స్లైగోలో ఒక టీకొట్టు దగ్గర ఆగాం. చేపముక్కలు, పాలు పోసి కాచిన చిక్కటి చారు, పక్కన గోధుమరంగు రొట్టె, దాని మీద నా బొటనవేలంత మందాన వెన్న. కారమనేదే లేదు గానీ, చల్లటి ప్రయాణంలో కడుపులోకి వెచ్చగా దిగింది. వడ్డించినావిడ నన్ను "లవ్" అని పిలిచింది. మన దగ్గర కూరగాయల అతను "అమ్మా" అన్నట్టే. ఆవిడ మీద మాత్రం కోపం తెచ్చుకోలేకపోయాను.

లెటర్‌కెన్నీ: హాట్ ప్రెస్‌లో పిట్ట

ఊరి చివర ఒంటి అంతస్తు ఇల్లు. ఆద్యని చూసి గుండె జారింది. వీడియోలో బూరెబుగ్గలతో కనిపించే పిల్ల, కళ్ల కింద నల్లగా, మనిషి పీలగా అయిపోయింది. నేను తెలుగులో అడిగితే అది ఇంగ్లీషులో, అదీ ఐరిష్ యాసలో, బదులిస్తుంది. ఒంట్లో ఎలా ఉందమ్మా అంటే "ఐయామ్ గ్రాండ్, అమ్మమ్మా" అంది. బాగున్నాననడానికి ఇక్కడివాళ్ల మాట అది. ఒళ్లు కాలిపోతున్నా గ్రాండే.

చెయ్యి పట్టుకుని నన్ను నడవాలోకి తీసుకెళ్లింది. ఇక్కడ అలమరని ప్రెస్ అంటారు. వేడినీళ్ల ట్యాంకు ఉన్న అలమర హాట్ ప్రెస్. తువ్వాళ్లు, దుప్పట్లు అందులో వెచ్చగా పెట్టుకుంటారు. అందులో ఒక పిట్ట ఉందని, రోజూ కాదు గానీ అప్పుడప్పుడు అరుస్తుందని చెప్పింది. తలుపు తీసి చూశాను. దుప్పట్లు, ట్యాంకు, నిశ్శబ్దం. గొట్టాల చప్పుడు అత్తయ్యగారూ అన్నాడు కిరణ్.

తర్వాత హాల్లోకి తీసుకెళ్లింది. ఒక మూల గాజుతలుపున్న బొగ్గుల పొయ్యి. సోఫా పైన గోడకి ఆద్య గీసిన పెద్ద బొమ్మ, నాలుగు వైపులా వెడల్పాటి టేపుతో అంటించి ఉంది. దాని వెనక గోడలో కన్నం ఉందట, గాలికి ఊళ పెట్టేదట. పిల్ల ఏడుస్తుంటే కిరణ్ అట్టముక్క పెట్టి టేపు వేసి, పైన బొమ్మ అతికించాడట.

"నువ్వే మూసెయ్ అన్నావుగా" అంది ఆద్య, నా మెప్పు కోసం చూస్తూ.

మంచిపని చేశారన్నాను. పైగా కోపం ఇంటాయన మీదికి మళ్లింది. గోడకి చిల్లు పెట్టి, నెలనెలా అంత అద్దె గుంజుకుంటాడా. ఫోన్ చేసి సిమెంటు పెట్టి పూడ్చమనమన్నాను. కిరణ్ మొహమాటపడుతూనే చేశాడు. ఆయన గురువారం వచ్చి చూస్తానని, అందాకా దాన్ని ముట్టుకోవద్దని చెప్పాడు. ముట్టుకోవద్దట, ఏదో తాజ్‌మహల్ అయినట్టు.

వంటింట్లో పొగ అలారానికి ప్లాస్టిక్ స్నానపు టోపీ తొడిగి ఉంది. పోపు పెట్టినప్పుడల్లా గోల చేస్తుందట. తెలిసిన మనవాళ్లందరి ఇళ్లలోనూ ఇంతేనంది సుమ. దేశం కాని దేశంలో ఆవాలు చిటపటలాడించుకోవడానికి కూడా స్వేచ్ఛ లేదా అని అప్పుడు వాళ్ల తరఫున కూడా మండిపడ్డాను.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చుని ఆద్యకి సినిమాలు ఎలా తీస్తారో వివరించాను. దయ్యానికి రంగు పూస్తారని, ఆ ముసలావిడకి తెలుగులో గొంతిచ్చింది మా చుట్టుపక్కలే ఉండే మంచావిడని చెప్పాను. వింటూ వింటూ వడిలిపోయి నా ఒళ్లో పడుకుంది. నాకూ తల దిమ్మెక్కింది. ప్రయాణం బడలిక అనుకున్నాను. మర్నాడూ అలాగే ఉంది.

రాత్‌ముల్లన్: చెంగుచెంగున

మూడో రోజు ఎండ వచ్చిందని సముద్రపు పాయ ఒడ్డుకి వెళ్లాం. రాత్‌ముల్లన్ అని చిన్న ఊరు, పొడుగాటి ఇసుక తీరం. పదమూడు డిగ్రీలకి ఇక్కడివాళ్లు చొక్కాలు విప్పేసి పడుకున్నారు. నేను స్వెట్టర్ మీద శాలువా కప్పుకుని ఐస్‌క్రీమ్ తిన్నాను.

ఆద్య ఆ రోజు వేరే పిల్ల. ఇసుకలో చెంగుచెంగున గెంతింది. రెండు ఐస్‌క్రీములు, నేను చేసుకెళ్లిన పులిహోర, కిరణ్ బంగాళాదుంప వేపుళ్లలో సగం తినేసింది. రోజూ తలనొప్పనే సుమ కూడా ఆ మాట ఎత్తలేదు. నా తల కూడా తేలికపడింది. చూశారా, నేను వచ్చి రెండు ముక్కలు చెప్పేసరికి పిల్ల దారిలో పడింది అన్నాను. ఇంటికొచ్చి పొయ్యి వెలిగించి కూర్చున్నాక మళ్లీ మూలకి ముడుచుకుంది. కిరణ్, మీ మాట ఒక్క పూటే పనిచేసింది అత్తయ్యగారూ అన్నాడు. అన్నది మెల్లగానే అయినా నాకు చురుక్కుమంది. ఆ రోజు వాడితో మళ్లీ మాట్లాడలేదు.

పక్కింటావిడ కిటికీలు తీసింది

నాలుగో రోజు పొద్దుట్నుంచీ కుండపోత. ఈస్టర్ సెలవులు కాబట్టి ఆద్య ఇంట్లోనే ఉంది. పొద్దున్నే పొయ్యి రాజేశాం. మధ్యాహ్నం నేను మాకెరల్ చేపలతో పులుసు పెట్టాను. సుమ కణతలు నొక్కుకుంటూ ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. ఆద్య అన్నం వద్దని సోఫాలో పడుకుంది. పిలిస్తే ఊ కొడుతోంది గానీ కళ్లు తెరవడం లేదు. ఆ పూట నాకు నిజంగా భయం వేసింది. సినిమా భయం ఇంత పని చేస్తుందా అని మొదటిసారి అనుమానపడ్డాను.

అప్పుడు పక్కింటి మరేడ్ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, కొత్తగా వచ్చిన నన్ను చూసిపోదామని తనే చేసిన తీపి రొట్టె పట్టుకొచ్చింది. కోటు తడిసి ముద్దయింది. ఇక్కడివాళ్లు తడిబట్టలు హాట్ ప్రెస్‌లో ఆరేస్తారట. ఈ ఇల్లు ఆవిడకి కొత్త కాదు. ఎవరినీ అడక్కుండా నడవాలోకి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి ఒంటి మీద కోటూ లేదు, మొహంలో నవ్వూ లేదు. పొయ్యి వైపు చూసింది, సోఫా పైన గోడకేసి చూసింది. చరచరా వెళ్లి కిటికీ తెరిచింది. రెండో కిటికీ తెరిచింది. వీధి తలుపు బార్లా తీసింది. వాన హాల్లోకి కొట్టింది.

నా కోపం తారస్థాయికి చేరింది. చేపల పులుసు వాసన అంత పడలేదా ఆవిడకి. ఒకరింటికొచ్చి ముక్కు మూసుకోవడమే మర్యాద కాదు, కిటికీలు తెరవడమా. నాకొచ్చిన ఇంగ్లీషులో అదే అడిగాను. మా వంట మీకు పడకపోతే మీ ఇంట్లో కూర్చోండి అన్నాను. ఆవిడ నన్ను తోసుకుంటూ వెళ్లి ఆద్యని ఎత్తుకుని వానలోకి నడిచింది. నేను అరుస్తూ వెనక పరిగెత్తాను. సుమ తూలుతూ నా వెనక వచ్చింది.

గేటు దగ్గర ఆగి మరేడ్ ఎడమచెయ్యి విప్పింది. అందులో అరచెయ్యంత తెల్లటి పెట్టె. ఎర్రదీపం వెలుగుతూ నాలుగు కూతలు కూస్తోంది, ఆగుతోంది, మళ్లీ నాలుగు. వాన హోరులో, నా అరుపుల్లో అప్పటిదాకా అది నా చెవిన పడలేదు.

"మీ దుప్పట్ల కింద ఉంది. ఆ పొయ్యి గ్యాసు ఇంట్లో నిండితే అరుస్తుంది ఇది. గోడకున్న గాలికన్నం ఎవరు మూశారు?"

నేను ఆద్యని నా చేతుల్లోకి తీసుకున్నాను.

మరేడ్ ఫోన్ చేస్తే అగ్నిమాపక దళం వాళ్లు వచ్చారు. మీటరు పట్టుకుని లోపలికెళ్లి వచ్చి, ఆ పొయ్యితో, ఆ మూసిన గోడతో ఇంకొన్ని గంటలు గడిచి ఉంటే పిల్ల లేచేది కాదని చెప్పారు. అది కార్బన్ మోనాక్సైడ్. రంగుండదు, వాసనుండదు. తలనొప్పి, వాంతులు, మగత, అన్నీ దాని పనే. మమ్మల్నందరినీ ఆస్పత్రికి పంపారు. ఆద్య మొహానికి ప్రాణవాయువు తొడుగు పెట్టారు. ఆఫీసు నుంచి పరిగెత్తుకొచ్చిన కిరణ్ గోడకానుకుని ఏడ్చాడు. ఆ పెట్టె అదేపనిగా అరుస్తుంటే అదీ పోపు అలారమే, చెడిపోయింది అనుకున్నాడట. బ్యాటరీ ఊడి రాకపోతే గోడ నుంచి పీకి దుప్పట్ల కింద కుక్కేశాడట. ఇంటాయన మాత్రం పొయ్యి పెట్టినప్పుడే గాలికన్నం పెట్టాడు, అలారం పెట్టాడు, కన్నం మూయవద్దని కాగితం రాసి వంటింటి ప్రెస్ తలుపు లోపల అంటించాడు. నేను వెతికి చూశాను, ఉంది. దాని మీద సుమ బియ్యం సంచీ కొన్న రసీదు గుచ్చి ఉంది.

కిరణ్‌ని చెడామడా తిట్టాను. సుమని తిట్టాను. తిట్టడం అయిపోయాక, ఆ అట్టముక్క పెట్టించిన మాట ఎవరిదో గుర్తొచ్చింది.

గుమ్మం దగ్గర

రెండు రోజులకి ఆద్య తేరుకుంది. ఇంటికి తీసుకొస్తే గుమ్మం దాటదు. హాల్లో బొమ్మ లేదు, టేపు లేదు, కన్నం నల్లగా తెరుచుకుని ఉంది. అందులోంచి వస్తుందని ఏడుపు. సుమ బతిమాలింది. కిరణ్ ఎత్తుకోబోతే కరిచింది.

నేను మెట్టు మీద దాని పక్కన కూర్చున్నాను. "ఆ అవ్వ సినిమాలో మూసెయ్ అనలేదు" అన్నాను.

ఏడుపు ఆపి నావైపు తిరిగింది.

జపాన్ మాటలకి నాకిచ్చిన అర్థం కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. అందులో ముసలావిడ అన్నది, ఆ కన్నం మూయకండి, ఇంట్లోవాళ్లకి ఊపిరాడాలి అని. ఆ ఇంటి మనుషులు ఆవిడ మాట పెడచెవిన పెట్టి మూస్తారు, అసలు కథ అక్కడే మొదలవుతుంది. డబ్బింగ్ చేయించేవాళ్లు ఇందులో భయమేముందండీ, మార్చండి అన్నారు. నేను చూసింది ఆ నటి పెదాలు. మొదట్లోనే కలుస్తున్నాయి. మూసెయ్ అంటే చక్కగా అతికింది, భయమూ వచ్చింది. చప్పట్లు కొట్టారు. ఇదంతా ఆరేళ్ల పిల్లకి అర్థమయ్యేలా చెప్పాను.

"మరి ఎందుకు మార్చావు?" అంది. ఈసారి తెలుగులోనే అంది.

"జనం భయపడతారని. భయపడితే నన్ను మెచ్చుకుంటారని."

"ఆ అవ్వకి సారీ చెప్పు" అంది.

లోపలికెళ్లి సోఫా ఎక్కి, యాభై తొమ్మిదేళ్ల మనిషిని, గోడ కన్నానికి మూతి ఆనించి, తప్పు రాశానమ్మా, క్షమించు అన్నాను. చల్లగాలి మొహాన కొట్టింది. వెనక్కి తిరిగేసరికి ఆద్య సోఫా దగ్గర నిలబడి ఉంది. తనూ ఎక్కి, అరచెయ్యి గాలికి అడ్డంపెట్టి చూసుకుంది.

ఆ సాయంత్రమే మరేడ్ ఇంటికెళ్లి క్షమాపణ అడిగాను. "అదేం పర్లేదు. మీ చేపల కూర కొంచెం ఉందా?" అంది.

మళ్లీ స్వోర్డ్స్

వచ్చేటప్పుడూ చుట్టుదారే. ఈసారి కిక్కురుమనలేదు. స్వోర్డ్స్‌లో కొట్టు ముందు ఆపమన్నాను. సాయంత్రం వేళ, కౌంటర్ దగ్గర వరస ఉంది. మౌనిక నన్ను చూడగానే వేలు చాపి "మూసెయ్" అంది. వరసలోవాళ్లు నవ్వారు.

"అది తప్పు మాటమ్మా. మీ గదిలో ఆ కన్నం బట్ట తీసెయ్యాలి" అన్నాను.

"తీస్త ఆంటీ, ఇంటికి పోయినంక."

"ఇప్పుడు తియ్యాలి. మీ రూమ్మేటుకి ఫోన్ చెయ్."

జోకనుకుంది. నా మొహం చూసి బిల్లు కొట్టడం ఆపింది. వెనకున్నాయన తన పాలడబ్బా కౌంటర్ మీద ఠప్పున పెట్టి, మాకు పనులున్నాయండీ అన్నాడు. ఉంటాయి, ఆగండి అన్నాను. లెటర్‌కెన్నీలో జరిగింది వరస మొత్తానికి వినపడేలా చెప్పాను. నా మాట వల్లేనని కూడా చెప్పాను. విమానానికి టైమవుతోందని కిరణ్ చెయ్యి లాగుతున్నా కదల్లేదు.

మౌనిక ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టింది. అవతలి పిల్ల కుర్చీ లాక్కున్న చప్పుడు, ఎక్కిన చప్పుడు, బట్ట పీకిన చప్పుడు వరసగా వినిపించాయి.

"తీసినా. గాలి మస్తు కొడుతుందే" అంది ఆ పిల్ల.

"కొట్టనీ" అన్నాను.